మూలలు కలిసినా కలవని రాయి

గుర్రాలను కోన మొదట్లోనే వదిలేయవలసి వచ్చింది. అక్కడినుంచి పైకి పోయే దారి మేకలకు తప్ప మరి దేనికీ పనికివచ్చేది కాదు. శోణపుర యువరాజు అరిందముడు ముందు, అతని ప్రాణమిత్రుడు, మంత్రి కొడుకు కుముదుడు వెనక, ఆ వెనక ముసలి దళవాయి సింగన తన భటులతో, రాతిపగుళ్ళలో వేళ్ళు దూర్చి పాకుతూ ఎక్కుతున్నారు.

అంత తొందర ఎందుకంటే, శోణపురంలో మహారాజు సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయి అవుతున్నాడు. ఘోణకుడనే మాంత్రికుడు పెట్టిన శాపం అది. పాదాల దగ్గర మొదలై, మోకాళ్ళు ఎక్కి, నడుము దాటి, వీళ్ళు బయల్దేరిన ఉదయానికి గుండె కింది దాకా వచ్చింది. గొంతు దాకా పాకితే ఊపిరి ఆగుతుంది. విరుగుడు ఒక్కటే, నాగకుహరంలోని జీవజలం. ఆ కుహరం తలుపుకు అరిందముడి ముత్తాత నాలుగు రాతి ఫలకాలను తాళంగా చేయించాడు. ఏ ఒక్కరూ తమంతట తాము తెరవలేకుండా రాజుకొకటి, యువరాజుకొకటి, మంత్రికొకటి, దళవాయికొకటి పంచాడు. తండ్రి ఫలకమూ తన ఫలకమూ అరిందముడి భుజాన తోలుసంచిలో ఉన్నాయి. మంత్రి ఇంటి ఫలకం కుముదుడు తెచ్చాడు. దళవాయి తన ఫలకాన్ని ఎవరి చేతికీ ఇవ్వనని, దానితోపాటు తానే వచ్చాడు.

కొండ నెత్తి మీదికి చేరేసరికి పొద్దు పడమటికి వాలుతోంది. ఎదురుగా నాగకుహర ద్వారం. పగడపు ఛాయ గల ఏకశిలను తొలిచి, ఇరుపక్కలా పడగలెత్తిన మహాసర్పాలను నిలిపి, వాటి కళ్ళలో కెంపులు పొదిగి, పడగల నీడలో తామరతూళ్ళ వంటి స్తంభాలు దించి, ఆ స్తంభాల మీద పేరు తెలియని పక్షులను వేయి భంగిమలలో చెక్కిన ఆ ద్వారం, వాలుపొద్దు వెలుగు సోకి, నిప్పుల కొలిమి నోరు తెరిచినట్టు ధగధగలాడుతోంది. దాని గడపలో మాత్రం ఒక ముసలిది కాళ్ళు బారజాపుకుని, మేకపిల్ల డెక్కలో ముల్లు తీస్తోంది.

"ఎవురు సామీ మీరు? నీళ్ళ కోసరమా, నిధి కోసరమా?" అంది తల ఎత్తకుండానే.

"నీళ్ళ కోసమే, అవ్వా."

"అందురూ అదే మాట సెప్తారు. నీళ్ళ కోసరం వచ్చినోళ్ళు సేతిలో చెంబు తేవాల గదా!"

భటులు నవ్వారు. అరిందముడు నడుముకున్న వెండి కూజా చూపించాడు. ముసలిది దాన్నీ, అతణ్ణీ మార్చి మార్చి చూసి, మేకపిల్లను వదిలి లేచింది. ఆమె పేరు ఈరవ్వ. ఆ గడప ఊడ్చడం ఆమె వంశం పని.

"ఇదో, ఇదే గుంట," అని తలుపు ముందు నేలలో తొలిచిన ముక్కోణపు గుంట చూపించింది. "మీ రాళ్ళు ఇందులో ఇరుకూ లేకుండా, వొదులూ లేకుండా కూసోవాల. యెంట్రుక దూరేంత సందున్నా తలుపు ఉలకదు. ఊడ్చేది తప్ప తెరిసేది మావోళ్ళు ఎరగరు. మీ తిప్పలు మీరు పడండి."

గుంటకు మూడు పక్కలూ మూడు పొడవులు. ఫలకాలూ అంతే, జానెడేసి రాళ్ళు, ఏ పక్కకు ఆ పక్క వేరు. అరిందముడు మోకాళ్ళ మీద కూర్చుని తన ఫలకాన్ని గుంట అంచు వెంట పెట్టి చూశాడు. పొడుగు పక్కకు పొడుగు అంచు రెండుసార్లు పట్టింది. నడిమి పక్కకు నడిమి అంచు రెండుసార్లు. పొట్టి పక్కకు పొట్టి అంచూ రెండుసార్లే. ఏ మూలలో దించినా మూలకు మూల అతికింది.

"ఆకారం ఒక్కటే, పరిమాణమే రెండింతలు," అన్నాడు.

"రెండింతలైతే రెండు రాళ్ళు చాలవా, బాబూ? నాలుగెందుకు మోసుకొచ్చాం?" అన్నాడు దళవాయి, మెడ కింద చెమట తుడుచుకుంటూ.

"పెద్దనాయకా, పెళ్ళిపందిరి పొడవూ వెడల్పూ రెండింతలు చేస్తే తాటాకులు ఎన్నింతలు పడతాయి?"

దళవాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "నాలుగింతలు. మా రెండోపిల్ల పెళ్ళికి ఆ లెక్క తెలియకే సగం బంధువుల్ని ఎండలో కూర్చోబెట్టాను. మా వియ్యంకుడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు."

ఫలకాలు దించడం మొదలుపెట్టారు. ప్రతి ఫలకం మీదా శోణపుర రాజచిహ్నమైన ఉదయసూర్యుడు చెక్కి ఉన్నాడు. ఆ సూర్యుడి కిరీటం తలుపు వైపు ఉండేలా అరిందముడు తన ఫలకం ఒక మూలలో అమర్చాడు. దళవాయి కళ్ళకద్దుకుని తనది రెండో మూలలో పెట్టాడు. మూడో మూల సర్పం పడగ నీడలో ఉంది. అక్కడ కుముదుడు తన ఫలకం దించి, పైపంచెతో చుట్టూ దుమ్ము సర్ది తుడిచాడు. మిగిలింది మహారాజు ఫలకం. మిగిలిన చోటు నడుమ.

మూడు రాళ్ళ మధ్య మిగిలిన ఖాళీ కూడా సరిగ్గా ఆ రాయి ఆకారమే, ఆ రాయి కొలతే. కాని తలకిందులుగా ఉంది.

శోణపురంలో సూర్యుణ్ణి తలకిందులుగా నిలిపేది ఒకే ఒక్క సందర్భంలో, రాజు కన్నుమూసినప్పుడు. కోటగుమ్మం మీది సూర్యబింబాన్ని కిందికి తిప్పుతారు. దాన్ని చూసి ఊళ్ళో పొయ్యిలు ఆర్పుతారు. మిగతా రోజుల్లో ఆ గుర్తున్న బిందెను కూడా ఎవరూ బోర్లించరు. కడిగి, పక్కకు వాల్చి ఆరబెడతారు. తెలియక తిప్పిన పసిపిల్లకు వీపు మీద దెబ్బ పడుతుంది. తెలిసి తిప్పిన పెద్దవాడికి రాజద్రోహం కింద తల పోతుంది. ఆ తల తీయవలసినవాడు దళవాయి.

అరిందముడు తండ్రి ఫలకాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. నిటారుగా పెట్టి చూశాడు, పట్టలేదు. పక్కకు తిప్పాడు, పట్టలేదు.

కుముదుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు గురువుగారి ముందు ఒకరి తప్పు ఒకరు కప్పుకునేటప్పుడు మాట్లాడుకున్నంత మెల్లగా, "తిప్పెయ్," అన్నాడు.

"నాన్నగారు బతికి ఉండగానా?"

"బతికి ఉండాలనే కదా! తలుపు తెరుచుకుని నీళ్ళు చేతికొచ్చాక రాయి ఎటు తిరిగిందని ఎవడడుగుతాడు? ముసలాయన్ని నేను మాటల్లో పెడతాను. ఆయన ఇటు చూడడు. నామీద నమ్మకం లేదా?"

"అది లేకపోతే ఇంతదూరం ఎలా వస్తాను?" అన్నాడు అరిందముడు.

కుముదుడు లేచి దళవాయి దగ్గరికి పోయి, లోయలో కనబడే పొగను చూపించి ఏదో అడిగాడు. దళవాయి కళ్ళమీద చెయ్యి అడ్డుపెట్టుకుని అటు చూశాడు. అరిందముడు కళ్ళు మూసుకున్నాడు. తండ్రికి మనసులోనే దణ్ణం పెట్టాడు. సూర్యుణ్ణి తలకిందులు చేసి, ఫలకాన్ని నడుమ ఖాళీలోకి దించాడు.

రాయి లోపలికి దిగింది. అరిందముడు చెవి ఆనించి విన్నాడు. తలుపు కదలలేదు.

"దళవాయిగారూ! యువరాజు ఏం చేశాడో చూడండి!"

అరుపు కోనంతా మార్మోగింది. అరిందముడు మొదట అది వేళాకోళమనుకున్నాడు. చిరునవ్వుతోనే తల తిప్పాడు. కుముదుడు వేలు చాపి నిలబడి ఉన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"మహారాజు ఊపిరితో ఉండగా ఆయన ఫలకాన్నే తలకిందులు చేశాడు! సింహాసనం మీద అంత ఆత్రం. చెప్తే నమ్మేవారు కాదు. ఇప్పుడు మీ కళ్ళతో మీరే చూడండి!"

"కుముదా!" అన్నాడు అరిందముడు.

దళవాయి గుంట దగ్గరికి వచ్చి చూశాడు. ముసలి చెయ్యి కత్తిపిడి మీద పడింది, కాని కత్తి దూయలేదు. "బాబూ, మిమ్మల్ని ఈ భుజాల మీద ఎక్కించుకు తిప్పాను. ఈ పని నాచేత చేయించకుండా ఉంటే బాగుండేది. ఒరేయ్, పట్టుకోండిరా."

భటులు కదిలారు. అరిందముడు మాత్రం వాళ్ళను చూడడం లేదు. అతని కళ్ళు గుంట మీద ఉన్నాయి. ఎక్కడినుంచో ఒక గండుచీమ వచ్చి రాళ్ళ మీద అటూ ఇటూ తిరిగింది. యువరాజు రాయికీ రాజు రాయికీ నడుమ అతుకు మీదుగా పాకి అటు దిగింది. దళవాయి రాయికీ రాజు రాయికీ నడుమ కూడా అలాగే పాకింది. కుముదుడి రాయి అంచుకు వచ్చేసరికి మీసాలు ఆడించి, దుమ్ములోకి తల దూర్చి, లోపలికి దిగిపోయి మాయమైంది.

"పెద్దనాయకా, నా తల ఎక్కడికీ పోదు. మీ ముందే ఉంటుంది. ఒక్క పని చెయ్యనివ్వండి," అన్నాడు.

"ఇంకా ఏం పనులు? లాక్కుపోండి!" అన్నాడు కుముదుడు.

"యువరాజు నాతో మాట్లాడుతున్నాడు, మంత్రికుమారా. మీతో కాదు," అన్నాడు దళవాయి.

అరిందముడు నాలుగు ఫలకాలూ పైకి తీశాడు. తన ఫలకం నేలమీద పెట్టి దానిమీద దళవాయి ఫలకం పెట్టాడు. మూలకు మూల, అంచుకు అంచు, రెండూ ఒకే రాయి అయినట్టు కూర్చున్నాయి. వేలితో చుట్టూ తడిమితే అతుకు తెలియలేదు. దానిమీద తండ్రి ఫలకం పెట్టాడు. అదీ అంతే. అప్పుడు కుముదుడి ఫలకం తీసి పైన పెట్టాడు. పైమూల పైమూలతో కలిసింది. ఆ మూల నుంచి దిగే రెండు అంచులూ రెండు అంచుల వెంటే దిగాయి. కాని చివరిదాకా రాలేదు. కింది అంచు గోరు వెడల్పు ముందే ఆగిపోయింది. రాయిని జరిపి రెండో మూల కలిపాడు. మూల కలిసింది, ఎదుటి అంచు చాలలేదు. మూడో మూల కలిపాడు. అదే తంతు.

భటులు మెడలు చాచి చూస్తున్నారు. ఈరవ్వ మేకపిల్లను చంకనెత్తుకుని ముందుకు వచ్చింది.

"మూలలు మూడూ కలుస్తున్నాయి గదా సామీ! మరి చిన్నగ ఎట్ల వుంది?"

"పోలిక అదే, అవ్వా. రాయి అది కాదు."

కుముదుడు పెద్దగా నవ్వాడు. "తాతలనాటి రాయి! మా ఇంట్లో రోజూ పసుపు పెట్టి, కడిగి, తుడిచి, పూజ చేస్తాం. అరిగి ఉంటుంది. అరుగుదలను పట్టుకుని నామీద నింద వేస్తావా?"

దళవాయి అరిందముడి వైపు చూశాడు. అందులో నిజముందేమోనన్న ఆశ ఆయన కళ్ళలో ఉంది. మంత్రి ఇంట్లో ఆయన కూడా ఎన్నో విందులు తిన్నాడు.

"రోటి అంచు చూశారా, పెద్దనాయకా? గడపరాయి చూశారా? రాయి అరిగితే ముందు మూల అరుగుతుంది. మొన గుండ్రమవుతుంది. మీ రాయి మూల తడమండి, కాస్త మొద్దుబారింది. నాన్నగారిదీ అంతే. ఇప్పుడు ఇతనిది తడమండి."

దళవాయి బొటనవేలు పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాడు. వేలి మీద సన్నగా నెత్తుటి గీత తేలింది.

"నిన్నగాక మొన్న చెక్కిన రాయి ఇది. చెక్కినవాడు మూలల దగ్గర చాలా జాగ్రత్తపడ్డాడు. పక్కలు మూడూ ఒకే వంతున తగ్గించాడు. విడిగా చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఒకదానిమీద ఒకటి పెడితే తప్ప తెలియదు." అరిందముడు లేచి కుముదుడికి ఎదురుగా నిలబడ్డాడు. "నేను రాయి తిప్పాలి, తలుపు తెరుచుకోకూడదు. అంతేనా, కుముదా?"

కుముదుడి చెయ్యి నడుముపట్టీ మీదికి పోయింది.

"కొండెక్కినప్పటి సంది సూస్తన్నా. ఆ అయ్య కూసున్నప్పుడల్లా ఆ నడుం సర్దుకుంటన్నాడు. బిడ్డను మోసినట్టు మోస్తన్నాడు దేన్నో!" అంది ఈరవ్వ.

"అసలు రాయి అక్కడుంది! మనల్ని పంపేసి తలుపు తాను తెరుద్దామనుకున్నాడు," అన్నాడు అరిందముడు.

కుముదుడు ఒక్క గంతులో వెనక్కి దూకి, మెడలోని నల్లపూస తెంపి నేలకేసి కొట్టాడు. పూస పగిలి పొగ లేచింది. ఆ పొగ తాడిచెట్టంత ఎదిగి, రెక్కలు విప్పి, ముక్కు సాచి, ఘోణకుడి మాయాగృధ్రంగా మారి, కీచుమని అరిచింది. ఆ అరుపుకు సర్పాల కళ్ళలో కెంపులు అదిరాయి. మొదటి రెక్కవిసురుకే ఇద్దరు భటులు లోయ అంచుదాకా దొర్లిపోయారు.

"ఈటెలు నిలబెట్టండి! రెక్కలకు కాదు, కళ్ళకు గురి!" అని దళవాయి గర్జించాడు. అంతవరకూ కత్తి దూయని చెయ్యి యుద్ధం వచ్చేసరికి ఇనుమైంది. గృధ్రం దూకింది. ఈటెలు విరిగాయి. ఈకలు ఇంటి చూరు తాటాకుల్లా గాలిలో ఎగిరాయి.

అరిందముడు కుముదుణ్ణి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర, ఒకే కత్తితో, ఒకే వరుసలో నేర్చుకున్నవాళ్ళు. ఒకడు ఏ వేటు వేయబోతాడో రెండోవాడికి ముందే తెలుసు. కత్తికి కత్తి, అడుగుకు అడుగు. ఎవరూ ఎవరినీ తాకలేకపోయారు.

"ఎందుకురా?" అన్నాడు అరిందముడు, కత్తుల నడుమ.

"ఎందుకా? నువ్వు చదివిందే నేనూ చదివాను. నువ్వెక్కిన గుర్రమే నేనూ ఎక్కాను. పుట్టినప్పటినుంచీ నేను నీలాగే ఉన్నాను, నీకంటే ఒక్క పిసరు తక్కువగా! నీ పక్కన నిలబెట్టి కొలిచినప్పుడల్లా నాకే తరుగు వచ్చింది. ఘోణకుడు ఆ తరుగు పూడుస్తానన్నాడు."

"నేనెప్పుడు కొలిచాను నిన్ను?"

కుముదుడి కత్తి ఒక్క క్షణం ఆగింది. అరిందముడు అప్పుడు గురువు నేర్పని పని చేశాడు. తన కత్తి వదిలేసి, తలతో పొట్టలో పొడిచి, పడ్డవాడి నడుముపట్టీ తెంపాడు. లోపలినుంచి మూల మొద్దుబారిన పాతరాయి జారి నేలమీద పడింది. దాన్ని లాక్కుని గుంట దగ్గరికి పరుగెత్తాడు.

తన రాయి మొదటి మూల. దళవాయి రాయి రెండో మూల. మంత్రి ఇంటి నిజమైన రాయి మూడో మూల. తండ్రి రాయి చేతిలోకి తీసుకుని తల ఎత్తాడు. దళవాయి గృధ్రం కాలు ఈటెతో అడ్డుకుని నిలబడి, సరిగ్గా అతన్నే చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ముసలాయన మెల్లగా ముఖం అటు తిప్పుకున్నాడు.

అరిందముడు సూర్యుణ్ణి తలకిందులు చేసి దించాడు.

ఈసారి సందు లేదు. నాలుగు రాళ్ళూ ఒక్క పెద్దరాయి అయిపోయాయి. నేల లోపల ఎక్కడో గొలుసులు కదిలాయి. సర్పాలు రెండూ పడగలు వాల్చాయి. వందేళ్ళ దుమ్ము రాల్చుకుంటూ తలుపు మూరెడు మేర తొలగింది.

కుముదుడు లేచి గృధ్రం మెడ మీదికి ఎగబాకాడు. అది రెక్కలల్లార్చి గాలిలోకి లేచింది. "పో, తెచ్చుకో నీళ్ళు!" అని పైనుంచి కేక వేశాడు. "నేను కోటకు పోయి గుమ్మం మీది సూర్యుణ్ణి తిప్పిస్తాను! యువరాజే ఫలకం తిప్పాడంటే మహారాజు పోయాడని ఊరంతా నమ్ముతుంది. నువ్వు వచ్చేసరికి మీ నాన్నను పాతిపెట్టేసి ఉంటారు, ఊపిరితోనే!"

గృధ్రం తూర్పుగా తిరిగి చిన్నదైపోయింది.

దళవాయి నెత్తురోడే భుజానికి పాగా చుట్టుకుంటున్నాడు. "గుర్రాలు చచ్చినా సరే నేను కోటకు పోతాను. మీరు లోపలికి పోండి, బాబూ. కాని ఒక్కమాట. రాయి తిప్పించింది వాడే అయినా తిప్పింది మీ చెయ్యి, అదీ రెండుసార్లు. తిరిగొచ్చాక మిమ్మల్ని సభలో నిలబెట్టేది నేనే."

"నిలబెట్టండి, పెద్దనాయకా. నాన్నగారు తీర్పు చెప్పాలి. అంతవరకూ ఆయన్ని కాపాడండి," అన్నాడు అరిందముడు, తలుపు సందులోకి ఒదిగి దూరుతూ.

"వోడి మాటిని బెదురుకోమాక సామీ!" అని ఈరవ్వ కేక లోపలిదాకా వచ్చింది. ఆ వెంటనే తలుపు మూసుకుంది.

లోపల చీకటి లేదు. గోడలనిండా స్ఫటికాలు మొలిచి, పాలపుంత ముక్కలై రాలి కొండ కడుపులో ఇరుక్కున్నట్టు, నీలంగా, తెల్లగా, నీరెండగా మెరుస్తున్నాయి. ఆ కాంతిలో నడవ మెలికలు తిరుగుతూ దిగింది. అరిందముడు పరుగెత్తాడు. నేలలోంచి లేచిన రాతిశూలాలను తప్పించుకున్నాడు. విషపు ఆవిరి చిమ్మే పగులు మీదుగా ఊపిరి బిగబట్టి దూకాడు. నడవ ఒక్కసారిగా అంతమైంది.

ఎదుట అగాధం. దాని అడుగున ఏమున్నదీ తెలియదు. రాయి విసిరితే చప్పుడు రాలేదు. ఆవలి ఒడ్డున, వెన్నెల గడ్డకట్టి మళ్ళీ కరుగుతున్నట్టు, ఒక తెల్లని ఊట రాతిలోంచి పొంగి రాతిలోకే ఇంకిపోతోంది. జీవజలం. నడుమ అందీ అందనంత దూరంలో పైకప్పు నుంచి ఒకే ఒక్క రాతి ఊడ వేలాడుతోంది. దూకి దాన్ని అందుకోవాలి. చెయ్యి జారితే వెనక్కి లాగేందుకు తాడు ఉండాలి.

అరిందముడు భుజం మీది తాడు విప్పాడు. ఒక కొస నడుముకు బిగించాడు. ఊడ మీదినుంచి చూపు తిప్పకుండానే రెండో కొస వెనక్కి చాచాడు.

"పట్టుకో, కుముదా," అన్నాడు.

తాడు నేలమీద పడింది.

అతను తిరిగి చూసి, ఆ కొసను కాసేపు అలాగే చూశాడు. తరువాత వంగి, దాన్ని తీసి, పక్కనున్న రాతికొమ్ముకు చుట్టి, ముడివేశాడు. ఆ ముడిని పళ్ళతో లాగి బిగించి, దూకాడు.